ముగియని వాక్యానికి చుక్క

"సెషన్ పోయిందండీ, అందుకే మీరు రాసింది కనబడటం లేదు," అని సర్వరమ్మ ఫోన్‌లో ఎవరికో నచ్చజెబుతుంటే, గదికి ఆ చివర కూర్చున్న ప్రూఫుల బాబాయ్ చెవిలో మాత్రం "పెన్షన్ పోయిందండీ" అని పడింది. నెలాఖరుకి రిటైర్ కాబోతున్న మనిషి చెవిన అలాంటి మాట పడితే చేతిలో టీ గ్లాసు నిలుస్తుందా? సగం టీ లాగు మీద, సగం టీ ఎదుట పరిచిన పేజీ ప్రూఫు మీద ఒలికింది.

"ఎవరు చెప్పారు? ఎప్పుడు చెప్పారు? నా ఒక్కడిదేనా, అందరిదీ పోయిందా?" అంటూ ఆయన తడిసిన లాగుతోనే గది ఈ చివరికి పరుగెత్తుకొచ్చాడు.

"పెన్షన్ కాదు బాబాయ్, సెషన్!"

"మరి నాకొచ్చిందేమిటి?"

"అది టెన్షన్," అంది కౌంటరక్క, అద్దాల గోడ అవతల నుంచి, తల కూడా తిప్పకుండా.

కంటితో అచ్చుతప్పులు పట్టడంలో బాబాయ్‌ని మించినవాడు ఆ పత్రికాఫీసులో లేడు. చెవితో మాత్రం తప్పులే అచ్చేసుకుంటాడు. కౌంటరక్క సంగతి సరేసరి. ముందుగదిలో కౌంటర్ దగ్గర కూర్చోవడం ఆమె ఉద్యోగం, కౌంటర్లు వెయ్యడం ఆమె స్వభావం. ఇక సర్వరమ్మకి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉన్నా, అది హాజరుపట్టీలో తప్ప వినబడదు. పత్రిక వెబ్‌సైటూ, దాని వెనకున్న సర్వరూ, పేజీలు కట్టే యంత్రాలూ అన్నీ ఆమె చూసుకోవాలి. అవి నడుస్తున్నంతసేపూ ఆమె ఉన్న సంగతే ఎవరికీ గుర్తుండదు. ఆగాయంటే ఆమె తప్ప ఇంకెవరూ గుర్తుకు రారు.

"ఇంతకీ ఆ సెషన్ అంటే ఏమిటమ్మాయ్?" అన్నాడు బాబాయ్, గండం గడిచిన ఊపిరి పీల్చుకుని, లాగు పిండుకుంటూ.

"ఎవరైనా మన సైట్‌లోకొచ్చి రాయడం మొదలుపెడితే సర్వర్ వాళ్ల కోసం ఒక కుర్చీ వేస్తుందనుకో. వాళ్లు రాసిన ముక్కలన్నీ ఆ కుర్చీ దగ్గరే ఉంచుతుంది. పనయ్యాక 'పంపు' అని నొక్కితే మనకొస్తుంది, నొక్కకపోతే అక్కడే ఉంటుంది. కానీ చాలామంది నొక్కరు, చెప్పరు. చటుక్కున లేచిపోతారు. వాళ్లు వెళ్లారో, ఆలోచిస్తున్నారో సర్వర్‌కి తెలిసే దారి లేదు. కాసేపు చూస్తుంది. ఉలుకూ పలుకూ లేకపోతే వెళ్లిపోయారు కాబోలు అనుకుని కుర్చీ తీసేస్తుంది."

"కుర్చీతో పాటు కాగితాలూ?"

"కాగితాలూ."

"ఆలోచించుకునే మనిషి కింద కుర్చీ లాగేస్తుందా! మర్యాద తెలీని సర్వర్ తల్లీ ఇది," అని బాబాయ్ టీ మరకల ప్రూఫుని ఫ్యాను కింద ఆరబెట్టడానికి వెళ్లిపోయాడు.

సర్వరమ్మ నవ్వింది గానీ ఆ మాట ఆమెకి ఎక్కడో గుచ్చుకుంది. ఫోన్‌లో మాట్లాడిన మనిషి ఎవరో పోయిన తన మేనత్త గురించి రాసుకుంటున్నాడట, మధ్యలో లేచి తలుపు తీసి వచ్చేసరికి అంతా పోయిందట. ఇలాంటి ఫోన్లు ఈమధ్య ఎక్కువయ్యాయి. ఫోన్ చెయ్యనివాళ్ల మాటేమిటని ఆమె అద్దాల గోడలోంచి ముందుగదిలోకి చూసింది. చూడకుండా ఉండలేకపోయింది. ఎందుకంటే తాళాల మేస్త్రి వచ్చి కూర్చున్నాడు.

ముందుగదిలో గోడవారగా ఒక కంప్యూటర్ ఉంది. ఇంట్లో అలాంటివి లేనివాళ్లు వచ్చి, పోయిన తమవాళ్ల గురించి నాలుగు మాటలు రాసుకోవడానికి పత్రికవాళ్లు పెట్టింది. 'మరువలేం' అని చివరి పేజీలో ఒక మూల. ఆ మాటలు అక్కడ అచ్చవుతాయి. ఆ మూలకి పత్రికలో ఒక కట్టుబాటుంది. రాసినవాళ్ల మాట మార్చకూడదు. ఎప్పుడో ఒకావిడ తన భర్తని "మొద్దు" అని ముద్దుగా రాసుకుంటే, ఎవరో సబెడిటరు దాన్ని "ముద్దు" అని దిద్ది ఆవిడ చేత చీవాట్లు తిన్నాడట. అప్పటినుంచి బాబాయ్ కూడా ఆ మూలలో ఒత్తులూ, చుక్కలూ, కామాలూ తప్ప ఇంకేదీ ముట్టుకోడు.

తాళాల మేస్త్రి భార్య పోయి ఎంతో కాలం కాలేదు. మొదటిసారి వచ్చినప్పుడు ఆమె పేరూ, తన పేరూ ఎక్కడ రాయాలో కౌంటరక్కని అడిగి మరీ రాశాడు. ఆ తర్వాత కొట్టు కట్టేశాక రోజూ వస్తున్నాడు. ఆకురాయి పట్టి పట్టి వేళ్ల కొసలు నల్లబడ్డాయి, గోళ్ల సందుల్లో ఇనుప రజను. కూర్చునే ముందు చేతులు చొక్కాకి తుడుచుకుంటాడు. అక్షరాల స్టిక్కర్లు అంటించిన కీబోర్డు మీదికి వంగి, ఒక్క చూపుడువేలితో, తాళంలో పుల్ల పెట్టి లోపలి పిన్ను ఎక్కడుందో వెతికే ఓపికతో ఒక్కో అక్షరమే నొక్కుతాడు.

"ఇన్ని కీలు పెట్టారు, ఒక్కదానికీ తాళం లేదేమిటమ్మా?" అన్నాడు మొదటిరోజు.

"ఉంది మేస్త్రిగారూ. ఎడంపక్క చూడండి, క్యాప్స్ లాక్," అంది కౌంటరక్క.

"మరి దాని కీ ఏదీ?"

"అదే కీ, అదే లాక్."

"అలాంటిది నేను చేసి అమ్మితే నా కొట్టుకే తాళం పడుతుంది. ఇక్కడ ఒత్తు రావడం లేదు, ఎలా?"

"ఒత్తండి, వస్తుంది."

"ఒత్తితేనేనమ్మా రానిది!"

నవ్వులన్నీ అంతవరకే. రాయడం మొదలుపెడితే ఆ మనిషి పలకడు. ఒక వరస రాసి, పాత టైపు మిషన్ మీద కాగితం జరిపినట్టు ఎంటర్ నొక్కి, రెండో వరసకి పోతాడు. కాసేపటికి ఆగిపోతాడు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని తెరకేసి చూస్తూ కూర్చుంటాడు. మాట కోసం వెతుక్కుంటున్నాడని సర్వరమ్మ అనుకునేది. అలా వెతుక్కుంటుండగానే తెర మీద చతురస్రం ఒకటి లేస్తుంది. 'మీ సెషన్ ముగిసింది. మీరు రాసినది తొలగించబడింది.' మేస్త్రి ఆ రెండు వాక్యాలూ పెదవులు కదుపుతూ చదువుతాడు. భుజాలు జారతాయి. లేచి, కుర్చీని బల్ల కిందికి నెట్టి, చప్పుడు కాకుండా వెళ్లిపోతాడు. మర్నాడు మళ్లీ మొదటినుంచి.

"నేను టైపు చేసి పెడతాను చెప్పండి అన్నాను. వద్దమ్మా, నేనే రాసుకోవాలి అన్నాడు," అంది కౌంటరక్క. "పౌరుషం!"

ఇవాళ కూడా అంతే అయింది. ఆ చతురస్రంలోని రెండు వాక్యాలూ సర్వరమ్మ రాసినవే.

మర్నాడు పొద్దున్నే ఎడిటర్ గారి గదిలోకి వెళ్లి కూర్చుంది. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని విన్నాడు.

"సెషన్ ఎక్కువసేపు ఉంచితే ఏమైందో మర్చిపోయావా?" అన్నాడు.

మర్చిపోలేదు. ఒకాయన సగం రాసి లేచిపోతే, వెనకాలే వచ్చిన ఇంకొకాయన ఆ సగాన్ని ముందుగదిలో అందరికీ వినబడేలా రాగం తీసి చదివాడు. ఆ గొడవ తర్వాతే సెషన్ గడువు కుదించారు. కుదించడం సబబే.

"ఎక్కువసేపు ఉంచమనడం లేదు సార్. వేళకే చంపుదాం. కానీ వీలునామా రాయించుకుని చంపుదాం."

"అంటే?"

"సెషన్ ముగిసే క్షణంలో సర్వర్ ఒక చిన్న ఫంక్షన్‌ని పిలుస్తుంది. ఇప్పుడది ఉన్నదంతా ఊడ్చిపారేస్తోంది. ఊడ్చేముందు రాసినదాన్ని పక్కన దాచమని చెబుతాను. మర్నాడొస్తే ఎక్కడ ఆపారో అక్కడినుంచి రాసుకుంటారు."

"పెళ్లి ఫంక్షన్లు తప్ప నాకు తెలీవు. సరే, కానియ్," అని ఆయన నవ్వి, "అతన్ని అడిగావా ఏం కావాలో?" అన్నాడు, కళ్లజోడు మళ్లీ కిందికి లాక్కుంటూ.

"అడగడమెందుకు సార్? రోజూ కళ్లారా చూస్తున్నాగా!"

తలుపు దాకా వెళ్లి ఆగింది. "తెర మీద వచ్చే మాట కూడా మార్చాలి సార్. 'తొలగించబడింది' అని కాకుండా, 'భద్రంగా ఉంది' అని ఏదో ఒకటి."

"మాటలంటే నేను చూడాలి. అవి మన పత్రిక పేరు మీద పోతాయి. వచ్చేవారం కూర్చుందాం."

వచ్చేవారమే కదా అని ఆమె కూడా ఊరుకుంది.

ఆ పూటంతా ఆమె తల ఎత్తలేదు. పని నిజానికి పెద్దది కాదు. సెషన్ పోయేటప్పుడు సర్వర్ పిలిచే ఆ ఫంక్షన్‌లో, ఊడ్చే వరసలకి పైన నాలుగు కొత్త వరసలు రాసింది. ఉన్న ముసాయిదా తీసుకో, ఖాళీ అయితే వదిలెయ్, లేకపోతే నోటీసుల పట్టికలో చేర్చు, పక్కన 'అసంపూర్తి' అని గుర్తు పెట్టు. రెండు సందర్భాలకీ సరిపోయేలా చూసుకుంది. మనిషి చెప్పి వెళ్లినా, చెప్పకుండా వెళ్లినా. తర్వాత తనే ఒక పరాయి మనిషిలా ముందుగది కంప్యూటర్ దగ్గర కూర్చుని "ఏనుగు ఏడ్చింది ఎలుక ఓదార్చింది" అని రాసి ఎంటర్ కొట్టి, చేతులు కట్టుకుని ఎదురుచూసింది.

"పోయినవాళ్లు ఏనుగా, ఎలుకా?" అంది కౌంటరక్క.

"పోయింది నా ఓపిక."

చతురస్రం లేచింది. వెనక్కి పరుగెత్తి చూస్తే, ఏనుగూ ఎలుకా పట్టికలో క్షేమంగా ఉన్నాయి. సర్వరమ్మ వాటిని తుడిచేసి, కుర్చీలో వెనక్కి వాలి, చాలా రోజుల తర్వాత తన పని తనకి నచ్చిన మనిషిలా ఒళ్లు విరుచుకుంది.

ఆమె చూడనిది ఒకటుంది. చివరి పేజీ కట్టే యంత్రం ఆ పట్టికలోంచే నోటీసులు తీసుకుంటుంది. 'అసంపూర్తి' అనే గుర్తు ఒకటి ఉంటుందని దానికి ఎవరూ చెప్పలేదు. ఇన్నాళ్లూ ఆ పట్టికలోకి పూర్తికానిది ఏదీ వచ్చి ఎరగదు కాబట్టి, చెప్పాల్సిన అవసరం ఎవరికీ పడలేదు.

సాయంత్రం మేస్త్రి వచ్చాడు. చేతులు తుడుచుకున్నాడు. రాశాడు. ఆరోజు మామూలు కంటే హుషారుగా ఉన్నాడు. మధ్యలో ఒకసారి తనలో తనే నవ్వుకోవడం సర్వరమ్మ అద్దంలోంచి చూసింది. ఆపై చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. చతురస్రం లేచింది. భుజాలు జారాయి. ఆమె పట్టికలోకి తొంగిచూసింది. కొత్త వరస చేరింది. ఏం రాశాడో చదవలేదు. ఒకరి మాటలు ఒకరు చదవకూడదనే మర్యాద ఆమెకి చిన్నప్పటినుంచీ ఉంది. ఆ మర్యాద ఆ ఒక్క పూట తప్పి ఉంటే ఎంత బాగుండేది! "మీది పోలేదండీ" అని చెబుదామని లేచి ముందుగదిలోకి వచ్చేసరికి మేస్త్రి గుమ్మం దాటి జనంలో కలిసిపోయాడు. రేపొస్తాడుగా, రేపు చూపిస్తే మొహం ఎంత వెలుగుతుందో అనుకుంటూ ఆమె ఇంటికి వెళ్లింది.

పొద్దున ఆమె ఆఫీసులో అడుగుపెట్టేసరికి ముందుగదిలో ఒకావిడ నిలబడి ఉంది. పొడుగ్గా, చీరకొంగు నడుం చుట్టూ బిగించి, చేతిలో పత్రిక కర్రలా చుట్టి. ఆమె వెనకాల నలభయ్యేళ్ల మనిషి ఒకడు, భుజాన పనిముట్ల సంచీ. వాళ్లిద్దరికీ వెనకగా, గోడకి ఆనుకుని, తాళాల మేస్త్రి. ఆయన తలుపు పక్కనే నిలబడ్డాడు, ఎప్పుడూ కూర్చునే కంప్యూటర్ వైపు చూడటం లేదు.

"పోయింది మా చెల్లెలు, నేను దానికి అక్కని. వీడు మా తమ్ముడు," అంటోంది ఆవిడ కౌంటరక్కతో. "ఈ మా మరిది అదీ ఇదీ కాని మాట చెబుతున్నాడు. రాసింది నేనే, ఇచ్చింది నేను కాదంటాడు. ఇవ్వకుండా పేపర్లో ఎలా పడుతుంది? మీరే చెప్పండి, ఎవరిది అబద్ధం?"

కౌంటరక్క మొదటిసారి కౌంటర్ వెయ్యకుండా, లోపలికొస్తున్న సర్వరమ్మ వైపు చూసింది.

"ఏం పడిందండీ?" అంది సర్వరమ్మ. అడుగుతుండగానే ఆమెకి నిన్న పట్టికలో చేరిన వరస గుర్తొచ్చింది.

ఆవిడ పత్రిక విప్పి బల్ల మీద కొట్టింది. 'మరువలేం' మూలలో, పైన ఆ భార్య పేరు, కింద ఈ భర్త పేరు, మధ్యలో:

'ఏమే రాక్షసీ. ఇవాళ కొట్లో ఒక పెట్టె తీశాను, ఎవరికీ రాని తాళం. నువ్వుంటే గొప్పలు పోయేవాణ్ణి. తాళానికైనా చెవి ఉంటుంది, నీకు లేదు. ఎన్నేళ్లు అరిచానో, ఒక్క మాట విన్నావా. మీ అక్క కూరలో ఉప్పు వేసిందో లేదో కనిపెట్టాలంటే నాలిక్కి భూతద్దం పెట్టాలి. మీ తమ్ముడు బిగించిన గొళ్లెం గాలికే ఊడింది, తలుపుకంటే వాడే వదులు. నువ్వు వెళ్లిపోయాక ఇల్లంతా ఎంతో హాయిగా ఉంది.'

"కూర సంగతి పోనీయండి," అంది ఆవిడ. పోనిచ్చినట్టు గొంతు లేదు. "ఆ మాట నా మొహం మీదే రోజూ అంటాడు. పొద్దున్నే వీధిలో ఒకామె ఆపి, 'ఉప్పు కావాలా వదినా' అంది, అదీ పోనీయండి. ఆ చివరి మాట చూడండి. హాయిగా ఉందట! మంచాన పడ్డ నా చెల్లెలికి ఒళ్లు తుడిచి, జుట్టు దువ్వి, ఒక్కపూట విడిచిపెట్టకుండా చూసుకున్న మనిషి అనుకున్నాం. అదంతా పైపైనేనా? ఇంత హాయి కోసమేనా ఎదురుచూశాడు? ఊరికంతా చాటుకోవాలా?"

"అక్కా, నెమ్మదిగా," అన్నాడు తమ్ముడు. తర్వాత బావ వైపు చూడకుండానే, "ఇంక మా ఇంట్లో అన్నం పెట్టదట బావా. నేనూ ఏం చెప్పలేకపోతున్నా," అన్నాడు.

ఆ ఇద్దరు తప్ప ఆ మేస్త్రికి ఇంకెవరూ లేరని ఆయన నిలబడ్డ తీరే చెబుతోంది. తను బిగించిన తాళం ఎవరో పగలగొడితే ఆ ముక్కల వైపు చూసే పనివాడిలా పత్రిక వైపు చూస్తున్నాడు.

గొడవ విని లోపలినుంచి ఎడిటర్ గారూ, బాబాయ్ కూడా ముందుగదిలోకి వచ్చారు. సర్వరమ్మకి అద్దాల గోడ వెనక్కి వెళ్లిపోవాలనిపించింది. వెళ్లిపోతే ఎవరికీ తెలీదు కూడా. యంత్రం పొరపాటు అనే ఒక్క మాటతో ఎడిటర్ గారు సర్దేస్తారు. కానీ ఆ మాటతో ఈ మనిషికి అన్నం పుట్టదు.

"ఆయన చెప్పింది నిజమేనండీ," అంది. "ఆయన ఇవ్వలేదు. నేను తీసుకున్నాను."

అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె ఆ కంప్యూటర్ దగ్గరికి నడిచి, కుర్చీ మీద చెయ్యి వేసి చెప్పింది. రాసినవాళ్లు 'పంపు' నొక్కితేనే పత్రికకి చేరుతుందని, ఆయన ఏనాడూ నొక్కలేదని, ఊరికే కూర్చుంటే సెషన్ ముగిసి అంతా పోతుందని, అలా పోకూడదని నిన్న తను దాచే ఏర్పాటు చేసిందని, దాచినదాన్ని పేజీ యంత్రం పూర్తయిన నోటీసు అనుకుని ఎత్తుకుపోయిందని.

"ఇంకోటి. ఆయన ఎంటర్ నొక్కినంతవరకే సర్వర్‌కి వస్తుంది. ఆ తర్వాత రాసింది తెర మీదే ఉండి, తెరతోనే పోతుంది. ఈ చివరి వరస తర్వాత ఆయన ఇంకా రాశారు. నేను చూశాను, ఆఖరిసారి ఎంటర్ నొక్కాక కూడా వేలు కదులుతూనే ఉంది. ఆ వాక్యం అక్కడ అయిపోలేదు."

"అయిపోకపోతే చుక్క ఎందుకుంది?" అంది ఆవిడ, వేలు పెట్టి చూపిస్తూ. "అచ్చంగా చుక్క ఉంది."

బాబాయ్ గొంతు సవరించుకున్నాడు.

"అది నాదమ్మా. చుక్క నేను పెట్టాను." జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, అదే సాక్ష్యం అన్నట్టు చూపించాడు. "అక్కడ మాట మార్చకూడదు, మార్చలేదు. 'హాయిగా ఉంది' అని ఉంది, చివర చుక్క లేదు. మర్చిపోయారనుకున్నా. ఇన్నేళ్లుగా పెడుతున్న చెయ్యి, ఊరుకోలేదు."

"ఎంత పని చేశావు బాబాయ్!" అంది కౌంటరక్క, కానీ అందులో వెటకారం లేదు.

ఆవిడ పత్రిక మళ్లీ చేతిలోకి తీసుకుంది. ఆ చివరి వరసని చుక్క దగ్గర బొటనవేలితో మూసి, పెదవులు కదుపుతూ చదువుకుంది. మళ్లీ చదివింది. బిగించిన కొంగు తెలీకుండానే వదులు చేసుకుంది.

"తర్వాత ఏముంది?" అంది మరిది వైపు తిరిగి. ఈసారి గొంతు చిన్నదయింది.

"లేదు వదినా."

"లేకపోవడమేమిటి? ఇంకా రాశావని ఈ అమ్మాయి చెబుతోందిగా!"

"రాశాను. అది మీకు రాసింది కాదు."

"చెబితే పోయేదేముంది బావా? అందరి మనసూ కుదుటపడుతుంది," అన్నాడు తమ్ముడు.

మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. ఆవిడ ఇంకోసారి అడగబోయి, ఆ మొహం చూసి ఆగిపోయింది. పత్రికని మడిచి, ఆ మూల కనబడకుండా తమ్ముడి సంచీలో అడుగున పెట్టేసింది.

"పదండి," అంది. "పొద్దుట్నుంచి ఎవరూ ఏం తినలేదు. ఉప్పు మీరే వేసుకుందురుగాని."

తమ్ముడు పనిముట్ల సంచీ భుజం మార్చుకుని, బావ మోచెయ్యి పట్టుకున్నాడు. ఆ పట్టు చూస్తే మరి వదిలేలా లేదు. ఎడిటర్ గారు రేపటి పత్రికలో సవరణ వేస్తామన్నారు. ఆవిడ వద్దంది. వేసినకొద్దీ ఉప్పు పెరుగుతుందంది. కౌంటరక్క కూడా నవ్వింది. గండం గడిచింది అనుకున్నారు అందరూ.

సర్వరమ్మకి మాత్రం ఇంకో మాట మిగిలిపోయింది. గుమ్మం దగ్గరికి చేరిన మేస్త్రికి అడ్డంగా వెళ్లి నిలబడింది.

"మేస్త్రిగారూ, నన్ను క్షమించాలి. దీనికే కాదు. అంతకుముందు మీరు రాసినవన్నీ కూడా నా వల్లే పోయాయి. రోజూ పోతుంటే చూస్తూ ఇన్నాళ్లు ఊరుకున్నాను. ముందే సరిచేసి ఉంటే..."

మేస్త్రి ఆమె వైపు మొదటిసారి తిన్నగా చూశాడు. ఆ కళ్లలో కోపం లేదు. చిన్నపిల్లకి ఏదో చెప్పాలా వద్దా అని తటపటాయించే పెద్దవాడి చూపు అది.

"మీరు దాని గురించి బాధపడుతున్నారా అమ్మా?" అన్నాడు. "అవేవీ పోలేదు."

"పోలేదా?"

"పంపడం నాకు రాక కాదు. ఆ మీట మొదటిరోజే ఈ అమ్మ చూపించింది. ఆరోజు పేపర్లో వేద్దామనే వచ్చాను. రాస్తూ ఆగిపోయాను. ఆగితే మాయమైంది. ఎక్కడికి పోయిందమ్మా అంటే, ఎక్కడికీ కాదు, ఇంక ఎక్కడా ఉండదు అంది ఈ అమ్మే." ఆయన కౌంటరక్క వైపు చూపించాడు. "అప్పుడు నాకు తోచింది. తనున్నది కూడా అక్కడేగా. ఎక్కడా లేని చోటే. అయితే చేరినట్టే కదా."

ఎడిటర్ గారు కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నారు. వదిన గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇంట్లో కాగితం మీద రాసుకోవచ్చుగా అంటారేమో. కాగితం ఉంటుందమ్మా. ఉన్నదాన్ని ఎవరో ఒకరు తీస్తారు. పెట్టెలో పెట్టి తాళం వేసినా తీస్తారు. నేను బతుకుతున్నది ఆ పని మీదే. తియ్యడానికి వీల్లేకుండా మూసుకునేది నేను చూసింది ఇదొక్కటే. రాసేవాణ్ణి. చేతులు ఒళ్లో పెట్టుకుని చూసేవాణ్ణి, ఎప్పుడు తీసుకుంటుందా అని. తీసేశాను అని అదే మాట వచ్చేది. చదువుకుంటే ఒంట్లో బరువంతా దిగిపోయేది."

జారిన ఆ భుజాలని తను ఇన్నాళ్లూ ఎలా చదివిందో సర్వరమ్మకి అప్పుడు తెలిసింది.

"నిన్న కూడా అదే మాట వచ్చింది," అన్నాడు ఆయన. "తీసేశాను అని. నమ్మి లేచాను."

"ఆ నాలుగు వరసలూ ఇప్పుడే తీసేస్తాను మేస్త్రిగారూ. మీ కళ్లముందే తీస్తాను. మళ్లీ ఎప్పటిలాగే..."

ఆయన ఆ కంప్యూటర్ వైపు ఒకసారి చూశాడు. అలవాటు కొద్దీ అరచేతులు చొక్కాకి తుడుచుకున్నాడు, తుడుచుకున్నాక ఆ చేతుల్ని ఏం చెయ్యాలో తెలీనట్టు కిందికి వదిలేశాడు.

"మీరు తీస్తారమ్మా. తీస్తారని నాకు తెలుసు. కానీ ఇంక కూర్చున్నప్పుడల్లా ఎవరో చదువుతున్నట్టే ఉంటుంది. ఒక్కసారి తీసినట్టు తెలిసిన తాళం పెట్టుకుని ఎవరూ నిద్రపోరు. మంచికే చేశారు. మీ తప్పు కాదు."

"ఒక్కమాట అడిగి ఉండాల్సింది," అంది సర్వరమ్మ.

"అడిగినా చెప్పేవాణ్ణి కాదేమో," అన్నాడు ఆయన, ఆమె కోసం. ఆమె కోసమే అన్నాడని గదిలో అందరికీ తెలిసింది.

వదిన లోపలికి రెండడుగులు వచ్చి, మరిది చొక్కా భుజం మీద అంటిన గోడ సున్నం దులిపింది. ముగ్గురూ మెట్లు దిగారు. బాబాయ్ ఎర్ర పెన్నుకి మూత పెట్టి, జేబులో పెట్టుకోవడం మర్చిపోయి, అలాగే చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"మరి పోయినవేవీ పోలేదన్నాడేమిటమ్మాయ్?" అన్నాడు చివరికి, తన చెవుల మీద తనకే నమ్మకం లేనట్టు. "నాకు సరిగ్గానే వినబడిందా?"

"సరిగ్గానే వినబడింది బాబాయ్," అంది సర్వరమ్మ. ఆమె అందరి వైపూ తిరిగింది, ఎడిటర్ గారి వైపూ, కౌంటరక్క వైపూ. "ఆయన రాసినవన్నీ ఆవిడకి చేరాయి. నేను దాచానే, ఆ ఒక్కటే పోయింది."